మాసినా కనపడని రంగు

ఐర్లండ్‌లోని క్లాండాల్కిన్‌లో నలుగురు బ్రహ్మచారులం ఒకే ఇంట్లో అద్దెకున్న ఆ రోజుల్లో, ఒక వస్తువు కొనడమంటే మాకు వ్రతం పట్టినట్టే ఉండేది. కావాలనిపించిన వస్తువును కొట్టుకు పోయి కొనుక్కురావడం చదువుకోని వాళ్లు చేసే పని అని గట్టిగా నమ్మేవాళ్లం. అందరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. ఆఫీసులో రాసిన ప్రోగ్రాం తప్పయితే మర్నాడు దిద్దుకోవచ్చు, కెటిల్ తప్పుగా కొంటే మాత్రం జన్మంతా పరువు తక్కువ. అందుకని కెటిల్ కొనే ముందు నెట్‌లో దొరికిన అభిప్రాయాలన్నీ చదివి, వాట్సాప్ గ్రూపులో ఓటింగు పెట్టి, ఓడిపోయినవాడు అలిగితే బతిమాలి, ఎట్టకేలకు తెప్పించాం. (అది వచ్చేదాకా గిన్నెలో నీళ్లు కాచుకున్నాం. వచ్చాక, అంత కష్టపడి ఎంచుకున్నది పాడవుతుందేమోనని ఇంకొన్నాళ్లు గిన్నెలోనే కాచుకున్నాం.) ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, అంత తెలివి ఒకే కప్పు కింద పోగుపడటం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఆ తెలివికి పెద్ద దిక్కు మా రివ్యూల బావ. నాకు వరసకు ఏమీ కాడు. అమలాపురం వైపు మనిషి, అందర్నీ బావా అని పిలిచేవాడు, అలా అందరికీ బావ అయ్యాడు. వాడిన వస్తువు గురించి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేసేవాడు, ఎన్నడూ వాడని వస్తువు గురించి అడిగితే మాత్రం కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. ఆయనకు కారు లేదు గానీ ఏ కారు కొనాలో ఆఫీసంతా ఆయన్నే అడిగేది. పెళ్లి కాలేదు గానీ, పిల్లల్ని తోసుకుపోయే బండ్లలో ఏది మంచిదో పక్కింటి ఐరిష్ దంపతులకు చెప్పి కొనిపించాడు. వాళ్లు ఇప్పటికీ ఆయన్ని తల్చుకుంటారట, ఎందుకు తల్చుకుంటారో నేను అడగలేదు.

నేను ఐర్లండ్ వచ్చి ఏడాది దాటిందో లేదో, లెటర్‌కెన్నీ ఆసుపత్రిలో పనిచేసే ఒక డాక్టరు ఆంటీ (మా పెద్దమ్మకు చదువుకునే రోజుల నాటి స్నేహితురాలు) నాకొక సంబంధం తెచ్చింది. అమ్మాయిది కరీంనగర్, కాజిల్‌బార్ ఆసుపత్రిలో డాక్టరు. ఫోటో పంపారు. నవ్వీ నవ్వనట్టు ఉంది. నిజం చెప్పాలంటే, ఆ ఫోటో చూసిన రోజు నుంచి నాకు పని మీద మనసు నిలవలేదు. అంతకుముందు వచ్చిన రెండు సంబంధాలూ నా మాటతీరు వల్లే తప్పిపోయాయి. ఒకమ్మాయితో మొదటిసారి ఫోన్లో మాట్లాడుతూ మొత్తం సేపు హెడ్‌ఫోన్ల గురించే చెప్పానని వాళ్ల నాన్నగారు ఫిర్యాదు చేశారు. రెండో అమ్మాయి ఫిర్యాదు కూడా చేయలేదు, నంబరు మార్చేసింది. "ఇదీ పోగొట్టుకున్నావంటే ఇంక నేను చూడను నాయనా, నువ్వే చూసుకో" అని అమ్మ ఒంగోలు నుంచి తేల్చి చెప్పేసింది. నేను చూసుకోగలిగేవాడినే అయితే వ్యవహారం ఇంత దూరం వచ్చేది కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఒకరోజు ఆ కాజిల్‌బార్ డాక్టరమ్మే ఫోన్ చేసింది. "ఏమనుకోకుండ్రి, నాకు డ్యూటీలు జర ఎక్కువ. వచ్చే ఆదివారం ఒక్కటే ఆఫ్ దొరికింది. మా వాకింగ్ క్లబ్బోళ్లతోని కొండకు పోతున్న. రాగలుగుతె రండ్రి, నడుసుకుంట మాట్లాడుకుందం" అంది. నేను నోరు తెరిచేలోపే, "ఆ, వానకు మంచి జాకెట్ తెచ్చుకోండ్రి, ఇక్కడ ఊకె కొడ్తది" అని పెట్టేసింది. పెళ్లిచూపులంటే సోఫా, స్వీటు, కాఫీ అనుకుంటున్నవాడిని, కొండ అనేసరికి కాస్త తడబడ్డాను. కానీ ఆ సంభాషణ మొత్తంలో నా బుర్రకెక్కింది ఒక్కటే ముక్క, మంచి జాకెట్. ఆమెను ఏం అడగాలి, నా గురించి ఏం చెప్పాలి అన్న ఆలోచన ఆ తర్వాత ఆదివారం దాకా నా దరిదాపులకు కూడా రాలేదు.

ఆ సాయంత్రమే రివ్యూల బావ వంటింటి బల్ల దగ్గర కొలువు తీరాడు. "జాకెట్టంటే అల్లాటప్పా యవ్వారం కాదు బావా. నీళ్లు లోపలికి రాకూడదు, సెమట బయటికి పోవాలి. ఒకే గుడ్డ రెండు పన్లూ సెయ్యాలి" అన్నాడు. అప్పటిదాకా వాన విషయంలో నాకు తెలిసినవి రెండే, గొడుగు వేసుకోవడం, తడవడం. ఆ కోటులో మూడు పొరలుంటాయట. నడిమి పొరకు కంటికి ఆనని చిల్లులు, వాన చుక్క పట్టనంత చిన్నవి, చెమట ఆవిరి పట్టేంత పెద్దవి. (ఆ పొరను కనిపెట్టిన మహానుభావుడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.) గుడ్డ మీద ఎంత ఎత్తున నీళ్లు నిలబెడితే కారుతుందో చూసి ఒక అంకె వేస్తారు, ఎంత ఆవిరి వదులుతుందో చూసి ఇంకో అంకె వేస్తారు. కుట్ల మీద లోపలివైపు టేపు అంటించి ఉండాలి. చంకల కింద జిప్పులుండాలి. చంకల కింద జిప్పులెందుకని మాలో మూడోవాడు అడిగితే, బావ వాడివైపు జాలిగా చూసి ఊరుకున్నాడు. ఎందుకో బావకు కూడా తెలియదని నాకు కొండ మీద గానీ అర్థం కాలేదు.

చర్చ చివరికి కొండనడక కోటా, వేట కోటా అన్న దగ్గరికి వచ్చింది. "నడిసేవోడు వానొస్తే గబగబా దిగిపోతాడు. వేటగాడు అలాక్కాదు, జింక కోసం పొద్దస్తమానం వానలో కదలకుండా కూకుంటాడు. మరి ఎవరి కోటు గట్టిదవ్వాలి?" అన్నాడు బావ. తర్కంలో లోపం కనపడలేదు. పైగా వేట కోటుకు రెండు అదనపు గుణాలున్నాయి. గుడ్డ మెత్తగా ఉండి నడిచినా చప్పుడు చేయదు. మనిషి వాసన జంతువుకు తెలియకుండా లోపల ఏదో పూత కూడా ఉంటుంది. "ఇన్ని ఫీచర్లున్నది వదిలేసి తక్కువున్నది కొనేవోడెవడైనా ఉంటాడా?" అన్నాడు. ఉండడు. మా జాతిలో అలాంటివాడు ఇంకా పుట్టలేదు. నాకు దోమను కొట్టాలన్నా చెయ్యి రాదన్న సంగతి ఆ చర్చలో ఎవరికీ గుర్తు రాలేదు.

వేటకూ, చేపలకూ, కొండనడకకూ సామాన్లు అమ్మే ఒక పెద్ద కొట్టుకు వెళ్లాం. మేం ఎంచుకున్న కోటు రెండు రంగుల్లో ఉంది. ఒకటి నిప్పులాంటి నారింజ. ఇంకొకటి ఎండుటాకులూ, నాచూ, బురదా, రాళ్లూ అన్నీ కలిపి అచ్చేసినట్టున్న అడవి రంగు. నారింజ రంగు వేసుకుంటే నేను కాస్త తెల్లగా కనపడతానేమోనని మనసు అటే లాగింది. సరిగ్గా అప్పుడే అమ్మ వీడియో కాల్‌లోకి వచ్చింది. "అమ్మో, ఆ నారింజది వద్దు నాయనా, ఒక్కరోజుకే మాసిపోద్ది. ఉతకబోతే పాడయిపోద్ది. మాసినా కనపడని రంగు తీసుకో" అంది. ఈ సూత్రం మా ఇంట్లో రాజ్యాంగం. దుప్పట్లు, సోఫా గుడ్డలు, నా స్కూలు సంచి, నాన్న ప్యాంట్లు, అన్నీ దాని ప్రకారమే కొన్నారు. మా పాత ఫోటోలు చూస్తే బురద రంగు గోడకు ఆనుకుని నిలబడ్డ బురద రంగు కుటుంబంలా ఉంటాం. ఆ లెక్కన అడవి రంగు కోటును మించింది లేదు. దాని మీద ఏం పడినా తెలియదు, అన్నీ ముందే పడి ఉన్నాయి.

కొట్టులో కుర్రాడు కోటు మడత పెడుతూ, దేన్ని వేటాడతారని అడిగాడు. వేట కాదు, పెళ్లికి అమ్మాయిని చూడటానికి వెళ్తున్నాను అన్నాను. అతను కాస్త ఆలోచించి, "అయితే గ్రాండ్, ఇది వేసుకుంటే ఆమెకు మీరు అసలు కనపడరు" అన్నాడు. బావా నేనూ మర్యాదకు నవ్వాం.

ఇంటికి వచ్చాక పరీక్షలు మొదలయ్యాయి. మొదట నన్ను కోటుతో సహా స్నానాల గదిలో షవర్ కింద నిలబెట్టారు. బావ తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, "కుడికి తిరుగు. ఎడంకి తిరుగు. ఇప్పుడు అమ్మాయితో మాట్లాడుతున్నట్టు చేతులూపు" అని పురమాయించాడు. మిగతా ఇద్దరూ వీడియో తీశారు. ఒక్క చుక్క లోపలికి రాలేదు. తర్వాత ఆవిరి పరీక్ష. పొయ్యి మీద ఇడ్లీ పాత్ర పెట్టి, మూత తీసి, దాని మీద కోటు వీపు భాగం పరిచి, పైనుంచి ఆవిరి వస్తోందా లేదా అని నలుగురం తలలు వంచి చూశాం. వస్తోందని ముగ్గురు, అది పక్కల నుంచి వస్తోందని ఒకడు. ఓటింగు పెట్టి, వస్తోందని తీర్మానించాం. ఇడ్లీలు ఉడకలేదు. కోటుకు రెండు రోజులు ఇడ్లీ పిండి వాసన పట్టుకుంది, మనిషి వాసనను ఆపే పూత దాని ముందు ఏమీ చేయలేకపోయింది.

శనివారం బయల్దేరే ముందు అమ్మ ఆజ్ఞలు వరసగా వచ్చాయి. కొత్త బట్ట కాబట్టి కాలరు లోపల పసుపు చుక్క పెట్టుకోవాలి. చెవుల్లోకి గాలి పోకుండా ఒంగోలు నుంచి తెచ్చుకున్న మంకీ క్యాప్ పెట్టుకోవాలి. లోపల బనియను, దాని మీద థర్మల్, దాని మీద ఇస్త్రీ చేసిన ఫుల్ చేతుల చొక్కా, దాని మీద పిన్ని అల్లిన స్వెటరు, ఆ పైన కోటు. అమ్మాయిని చూడటానికి ఖాళీ చేతులతో వెళ్లకూడదు. స్వీట్ల పెట్టె వానకు పాడవుతుంది, అందుకని బావ శనివారం పొద్దున్నే లేచి ఇంగువ ధారాళంగా వేసి పులిహోర కలిపాడు. "మర్నాటికి ఇంకా బాగుంటది, ఆయ్" అంటూ పెద్ద డబ్బా నిండా పెట్టిచ్చాడు. వస్తువుల సంగతి ఎలా ఉన్నా, పులిహోర విషయంలో ఆయన మాటకు తిరుగులేదు.

రైల్లో కాజిల్‌బార్ చేరి, ఆ రాత్రి ఒక బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ బసలో పడుకుని, ఆదివారం పొద్దున ఇన్ని పొరలూ తగిలించుకుని, పులిహోర డబ్బా వీపు సంచిలో పెట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాను. కారు వచ్చి ఆగింది. అద్దం దించి ఆమె ఇటూ అటూ చూసింది. గుమ్మం పక్కన ఒత్తుగా పెరిగిన పొద ఉంది, నేను దాని ముందు నిలబడి ఉన్నాను. నేను చెయ్యి ఊపాక ఉలిక్కిపడింది. "అయ్యో, మీరేనా? చెట్టు కదులుతుందేంది అనుకున్న" అంది. అదే మా మొదటి పలకరింపు. ఫోటోలో కంటే బాగుంది. ఒంటి మీద ఎర్ర కోటు, ఎప్పటిదో, మోచేతి దగ్గర చిరిగితే నల్ల టేపు అంటించి ఉంది. ఆ టేపు చూసి నేను మనసులో ఎంత చిన్నబుచ్చుకున్నానో చెప్పలేను. ఇంత చదువుకున్న అమ్మాయి, గుడ్డ గురించి ఇంత నిర్లక్ష్యమా అని.

కొండ కింద క్లబ్బు వాళ్లు పదిమంది దాకా ఉన్నారు. అందరూ రిటైరైన వాళ్లే, అందరూ నాకంటే చురుగ్గా ఉన్నారు. వాళ్ల నాయకుడు తెల్ల గడ్డం పెద్దాయన నన్ను పైనుంచి కిందదాకా చూసి, తుపాకీ ఎక్కడ మర్చిపోయావని అడిగాడు. అప్పటికే సన్నగా జల్లు పడుతోంది. ఒకామెకు బూట్లలోకి నీళ్లు పోయాయి, అయినా అంతా గ్రాండ్, అంటే భేషుగ్గా ఉంది, అంది. ఇంకొకాయన మోకాలు పట్టేసింది, అదీ గ్రాండే. ఈ దేశంలో కాలు విరిగితే గానీ గ్రాండ్ కానిది ఏదీ ఉండదనుకుంటాను. ఎక్కబోయే ముందు నాయకుడు అందర్నీ పోగుచేసి, పొగమంచు కమ్మి ఎవరైనా తప్పిపోతే అటూ ఇటూ తిరగొద్దనీ, ఉన్నచోటే ఉండమనీ, వెతికే పని మిగతా వాళ్లదనీ చెప్పాడు. నేను శ్రద్ధగా విన్నాను. బళ్లో కూడా నేను మొదటి బెంచీనే.

ఎక్కడం మొదలుపెట్టాక ఆమె నా పక్కన నడిచింది. "ఇక్కడ మీకెట్ల అనిపిస్తుంది? మనూరు యాదికొస్తదా?" అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న! నేను, "వస్తుందండీ. ఇంతకీ మీ కోటు ఎన్ని పొరలు?" అన్నాను. ఆమె తెలియదంది. తెలియకపోతే ఎలాగండీ అని మొదలుపెట్టి, నడిమి పొర, చిల్లులు, కుట్ల మీద టేపు, షవరు పరీక్ష, ఇడ్లీ పరీక్ష, అన్నీ వరసగా చెప్పాను. ఆమె మధ్యలో వాళ్ల నాన్న గురించి ఒక ముక్క చెప్పింది, రాత్రి డ్యూటీల్లో ఒక్కోసారి ఏడుపొస్తుందని ఇంకో ముక్క చెప్పింది. నేను రెండుసార్లూ "అవునా" అని మళ్లీ పొరల దగ్గరికి వచ్చాను. నా భుజం మీద వాన చుక్కలు ముత్యాల్లా జారిపోతుంటే చూడమని కూడా అన్నాను. ఆమె చూసింది. "మంచిగున్నది" అంది. ఆ ఒక్క మాటను నేను నా కోటు మీద గౌరవం అనుకున్నాను.

ఇంతలో లోపల వేరే కథ నడుస్తోంది. బనియను, థర్మల్, చొక్కా, స్వెటరు కలిసి నన్ను ఉడకబెట్టేశాయి. ఆవిరిని బయటికి పంపే ఆ గొప్ప పొర పైనెక్కడో సిద్ధంగానే ఉంది, కానీ దాని దాకా ఆవిరి చేరితే కదా. నూలు బనియను చెమటంతా తాగేసి పిండేస్తే కారేలా ఉంది. బయటినుంచి ఒక్క చుక్క లోపలికి రాలేదు, లోపల మాత్రం నేను చెరువులో పడి లేచినవాడిలా ఉన్నాను. "మొఖం గట్ల ఎర్రగయ్యిందేంది? లోపట తడిసిన్రా?" అని డాక్టరమ్మ అడిగింది. "లేదండీ, ఇది అలా అవ్వదు" అన్నాను. కోటు పరువు నా చేతుల్లో ఉంది మరి. ఆమె "సరె" అని ముందుకెళ్లి ఆ మోకాలి పెద్దాయనతో మాటల్లో పడింది, ఆయనతో నవ్వుతూ మాట్లాడుతోంది. మూడో సంబంధం కూడా కళ్లముందే జారిపోతోందని అప్పుడు తెలిసింది.

కారణం చొక్కా తడి అనుకున్నాను తప్ప నా నోరు అనుకోలేదు. గబగబా స్వెటరు విప్పేసి చంకల జిప్పులు తెరిచి (అవి గాలి ఆడటానికని అప్పుడు వెలిగింది) ఆరబెట్టుకుంటే అంతా చక్కబడుతుందని, బూటు తాడు కట్టుకుంటాను, మీరు పదండి అని కేక వేసి, ఒక రాతి వెనక పల్లంలోకి దిగాను. కోటు విప్పాను, స్వెటరు విప్పాను. చలి దెబ్బకు పళ్లు టకటకలాడాయి. మళ్లీ కోటు తొడుక్కుని, అమ్మ మాట గుర్తొచ్చి మంకీ క్యాప్ లాక్కుని, దాని మీద కోటు టోపీ బిగించి, తల పైకెత్తి చూస్తే కొండ లేదు. మనుషులు లేరు. పాలలో ముంచినట్టు తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. నాయకుడి మాట గుర్తొచ్చింది. ఉన్నచోటే ఉండాలి. బుద్ధిగా రాతికి ఆనుకుని కూర్చున్నాను.

ఆ పైన జరిగింది నాకు తర్వాత తెలిసింది. నేను లేనని మొదట చూసింది ఆమే. అందరూ వెనక్కి తిరిగి, చేతికి చెయ్యి అందేంత దూరంలో వరసగా నిలబడి, నా పేరు పిలుచుకుంటూ ఆ వాలంతా గాలించారు. ఆమె నేనున్న రాయి పక్కనుంచే అటొకసారి, ఇటొకసారి వెళ్లిందట. రాయి, నాచు, ఎండుగడ్డి, మధ్యలో నేను, అన్నీ ఒకే రంగు. కోటు చప్పుడు చేయదు. నాకా, చెవుల మీద ఉన్ని టోపీ, దాని మీద కోటు టోపీ, దాని మీద వాన దరువు. ప్రపంచం మునిగినా వినపడదు. ఒక పక్కన కొండ నిలువునా కిందికి దిగిపోతుందట, ఆమె అక్కడికి పోయి కిందికి చూసి పిలిచిందట. ఆ ముక్క తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. నాయకుడు సిగ్నల్ కోసం ఎత్తయిన చోటికెక్కి, కొండల్లో మనుషుల్ని వెతికే వాళ్లను పిలవడానికి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడట. మేం ఎంత మంచి కోటు కొన్నామంటే, కళ్లున్న ఏ ప్రాణికీ నేను దొరకలేదు.

నాకేమో భయమూ, ఆకలీ కలిసి వచ్చాయి. సంచిలోంచి పులిహోర డబ్బా తీసి మూత తెరిచాను. సగం తిన్నాను.

గాలి తిరిగింది. ఆ మంచులో, ఆ వానలో, ఆ గొర్రెల కొండ మీద, ఇంగువ వాసన కరీంనగర్ అమ్మాయి ముక్కుకు తగిలింది. ఆమె ఉన్నచోట ఆగి, గాలి వచ్చే వైపుకు తిరిగి, అడుగులో అడుగేసుకుంటూ వచ్చి నా కాలు తొక్కింది. ఇద్దరం కెవ్వుమన్నాం. తర్వాత ఆమె ఒక్క లాగుతో నా టోపీలు రెండూ ఊడబీకింది. "ఏందయ్యా ఇది! గొంతు పోయేటట్టు ఒర్లుతున్న, చెవులల్ల ఏం పెట్టుకున్నవ్? కింద పడి సచ్చినవ్ అనుకున్న! మీ అమ్మకు ఏమని చెప్పాలె నేను? కొండకు ఎవలన్న గీ రంగు ఏస్కొని వస్తరా? బుద్ధుండాలె!" పొద్దున్నుంచి మీరు మీరు అన్న మనిషి నోట్లోంచి నువ్వు వచ్చేసింది. తిడుతూనే ఉంది, కళ్లల్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. అవి వాన నీళ్లు కావని నాలాంటి వాడికి కూడా తెలిసింది.

నాకు జీవితంలో మొదటిసారి ఒక వస్తువు గుణగణాలు ఒక్కటి కూడా గుర్తు రాలేదు. చేతిలో ఉన్న డబ్బా ముందుకు చాపాను. "మీకు సగం ఉంచానండి" అన్నాను.

ఆమె డబ్బాలోకి చూసింది. పులిహోర ఒక వైపు, జీడిపప్పులన్నీ ఏరి ఇంకో వైపు కుప్పగా ఉన్నాయి. ఏడుపు ఆగింది. గొంతు కాస్త మెత్తబడింది. "జీడిపప్పులన్ని నాకే ఉంచిన్రా?"

అవును అనొచ్చు. ఎవరైనా అదే అంటారు. అక్కడ అవును అన్న ఒక్క మాటకు మా అమ్మ కష్టాలు, లెటర్‌కెన్నీ ఆంటీ శ్రమ అన్నీ గట్టెక్కేవి. కానీ నేను చలికి వణికిపోతున్నాను, లోపలంతా తడి, గొప్పలకు పోయే ఓపిక ఎక్కడా మిగల్లేదు. "లేదండీ. నాకు జీడిపప్పు పడదు. నోట్లో పెట్టుకుంటే కక్కొస్తుంది" అన్నాను.

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి తడి రాతి మీద కూలబడింది. "పొద్దుగాల్నుంచి మీరు మీ గురించి చెప్పిన మొదటి ముచ్చట ఇదే తెల్సా" అంది. ఒక్కో జీడిపప్పే నోట్లో వేసుకుంటూ, ఇంకా ఏమేం పడవో చెప్పమంది. చెప్పాను. కాకరకాయ పడదు. ఇంగ్లీషులో ఫోన్ మాట్లాడాలంటే భయం. ఆదివారాలు ఇంట్లో నలుగురం ఉన్నా ఒంటరిగా అనిపిస్తుంది, అందుకే ఏదో ఒక వస్తువు గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. అది అన్నాక నాకే ఆశ్చర్యం వేసింది, అంతకుముందు ఆ సంగతి నాకు తెలియదు. ఆమె తినడం ఆపి, "నాక్కూడ" అంది.

తర్వాత డాక్టరమ్మ డాక్టరయిపోయింది. లోపలి తడి చొక్కాలన్నీ విప్పించి, తన సంచిలోంచి ఊదా రంగు ఉన్ని కోటు ఒకటి తీసి తొడిగించింది (చేతులు నా మోచేతులు దాటలేదు), దాని మీద మళ్లీ నా కోటు వేయించి, విజిల్ వేసి అందర్నీ పిలిచింది. నాయకుడు వచ్చి నన్ను చూసి తల ఊపి, తన సంచి మీద వానకు కప్పే నారింజ రంగు తొడుగు తీసి నా తలకు తొడిగాడు, మళ్లీ పోకుండా. అలా నెత్తిన నారింజ పాగాతో, ముందొకరు వెనకొకరు కాపలాగా, ఊరేగింపు పెళ్లికొడుకులా కొండ దిగాను. దారిపొడుగునా వాన. నేను ఒక్కసారి కూడా భుజం మీద చుక్కలకేసి చూడలేదు.

సాయంత్రం రైలు దగ్గర దింపుతూ ఆమె కారు ఆపి స్టీరింగు మీద చేతులు పెట్టుకుంది. "ఇంటికి పోంగనె మా అమ్మ ఫోన్ చేస్తది. పిల్లగాన్ని చూసినవా అంటది. ఏమని చెప్పాలె?" అంది. ఏమని చెప్తారండీ అన్నాను. "సగంసేపు కనపడనే లేదు. కనపడ్డ కాడికైతే మంచిగనే ఉన్నడు అంట" అని ముందుకు చూస్తూ నవ్వింది. రైలెక్కాక బావ ఫోన్ చేశాడు. గొంతులో ఆత్రుత ఆగడం లేదు. "బావా, ఒక్కటే సెప్పు. నీళ్లు లోపలికి వచ్చాయా?"

ఇప్పుడు మేం ఉండేది కాజిల్‌బార్‌లోనే. వంటింటి కిటికీలోంచి దూరంగా ఆ కొండ కనపడుతుంది, మంచు లేని రోజున. వాన పడుతుంటే మా అమ్మాయి ఏ కోటూ లేకుండా తోటలోకి పరిగెడుతుంది. తడుస్తావే అని నేను కేకేస్తే, "ఇట్స్ ఓన్లీ రెయిన్, డాడీ" అని ఈ ఊరి యాసలో జవాబిస్తుంది. వాళ్లమ్మ పక్కన నిలబడి నవ్వుతుంది. ఒక్కోసారి కొండ మీదికి మంచు దిగుతుంటే, అక్కడెక్కడో రాయికి రాయిలా ఒదిగి కూర్చుని, వణుకుతూ, బుద్ధిగా జీడిపప్పులు ఏరి పక్కన పెడుతున్న ఆ కుర్రవాడు కళ్లకు కడతాడు. ఒరేయ్, ఆ టోపీ తియ్యరా, అమ్మాయి గొంతు పోయేలా పిలుస్తోంది అని అరవాలనిపిస్తుంది. మళ్లీ నేనే ఊరుకుంటాను. మొదటి కేకకే పలికి ఉంటే వెధవ లేచి వచ్చి మిగతా పొరల సంగతి చెప్పేవాడు.